పొట్టు గుట్ట కరిగిన ఎండాకాలం

మా కోత మిల్లు కంటే మా పొట్టు గుట్టే ఎత్తు. మిల్లు ఎక్కడండీ అని కొత్తవాళ్ళు అడిగితే రోడ్డు మీది జనం వేలు చూపించేది గుట్టకే. నేను పుట్టేనాటికే అది మా ఇంటి కప్పును దాటిందట. రంపం కింద రాలే పొట్టు, దుంగల మీంచి ఊడిన బెరడు, దేనికీ పనికిరాని చెక్క ముక్కలు, అన్నీ అక్కడికే చేరేవి. కొనేవాళ్ళు లేరు. పారబోసే చోటు లేదు. ఇంటి పక్కన కదలలేని పెద్దమనిషి ఒకరున్నట్టు, దాన్ని అలాగే ఉండనిచ్చాం.

ఆ ఏడాది ఎండలు మొదలవుతుండగా మునిసిపాలిటీ ఆఫీసరు వచ్చి షెడ్డు తలుపుకు కాగితం అంటించి వెళ్ళాడు. వాన పడ్డప్పుడల్లా గుట్ట నుంచి కారే మురికి వీధి కాలువను పూడ్చేస్తోందనీ, కిందటి వేసవిలో గుట్ట లోపల రాజుకుని మూడు రోజులు పొగ వచ్చిందనీ, వానలు పడేలోపు గుట్ట తీయకపోతే మిల్లుకు తాళం వేస్తామనీ అందులో ఉంది. చెప్పిన రెండూ నిజమే. అందుకని మాకు పోట్లాడడానికి కూడా లేకపోయింది.

అన్నయ్య మాటకారి. మిల్లుకు వచ్చినవాళ్ళతో బేరం ఆడేది ఆయన, రంపం దగ్గర నిలబడేది నేను. మా ఇద్దరికీ కలిపి ఒకటే నాలుక ఇచ్చారనీ, దాన్ని ముందు పుట్టినవాడు పట్టుకుపోయాడనీ వదిన అంటూ ఉంటుంది. ఆ కాగితం జేబులో పెట్టుకుని అన్నయ్య పది రోజులు ఎక్కడెక్కడో తిరిగాడు. పదకొండో రోజు మధ్యాహ్నం చెప్పులు కూడా విడవకుండా లోపలికి వచ్చి, గుట్టకు సంబంధం కుదిరిందన్నాడు.

మాకు పన్నెండు కిలోమీటర్ల దూరంలో కరెంటు తయారుచేసే ప్లాంటు ఉంది. వాళ్ళు కాల్చే బొగ్గులో ఇక మీద వందకు ఐదు పాళ్ళు చెక్క పొట్టు కలుపుతారట. ఈ వేసవంతా పరీక్ష చేస్తారట. మూడు లోడ్లు తీసుకువెళ్ళి చూపించాలి. అవి సరిగ్గా కాలితే గుట్ట మొత్తం వాళ్ళే తీసుకుంటారు, ఆ తర్వాత రోజూ రాలే పొట్టు కూడా.

"ఏం, వాళ్ళకి బొగ్గు చాలట్లేదా?" అని అడిగింది అమ్మ.

చాలక కాదనీ, ఎంత చెక్క కాలిస్తే అంత బొగ్గు మిగులుతుందనీ, చెట్టయితే మళ్ళీ మొలుస్తుంది, బొగ్గు మొలవదు కదా అనీ అన్నయ్య చాలాసేపు చెప్పాడు. అమ్మ అంతా విని, "అయితే మనం కోసింది ఇళ్ళల్లోకి, మిగిలింది దీపాల్లోకి. బాగానే ఉంది," అంది. అమ్మ ఒక సంగతి ఒప్పుకుంటే అలాగే ఒప్పుకుంటుంది, ఒక్క ముక్కలో.

ఇక్కడ అమ్మ నీళ్ళ సంగతి చెప్పాలి. అమ్మకు ఒకటే పట్టుదల: మన పొట్టు ఇంకొకరి గుమ్మం తొక్కకూడదు. అందుకని రోజూ తెల్లవారాక ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి రబ్బరు పైపు పట్టుకుని గుట్టంతా తడిపేది. పైపు మూతికి బొటనవేలు సగం అడ్డం పెడితే నీళ్ళు గొడుగులా విచ్చుకుంటాయి. నలభై ఏళ్ళుగా అదే వేలు అడ్డం పెట్టి పెట్టి, ఆ గోరు మిగతా గోళ్ళ కంటే తెల్లబడిపోయింది. మా వీధిలో పదకొండు ఇళ్ళున్నాయి. ఒక్క ఇంటివాళ్ళు కూడా దుమ్ము గురించి మా గడప ఎక్కలేదు.

మొదటి లోడుకు గుట్టను పక్క నుంచి కోసి, నేల మీద పలచగా పరిచి, పారలతో తిరగేస్తూ రెండు రోజులు ఎండబెట్టాం. జల్లెడ పట్టి చెక్క ముక్కలు ఏరేశాం. సాయంత్రానికి లారీ నింపాం. పొద్దున్నే బయలుదేరాలి.

తెల్లవారింది. నేను రంపానికి నూనె పెడుతున్నాను. అమ్మ పైపు తెచ్చి గుట్ట తడిపింది. తడిపి, అదే చేత్తో లారీ వైపు తిరిగింది. లారీ చుట్టూ నిదానంగా నడుస్తూ పావుగంట తడిపింది. పెళ్ళివారింటికి పంపే పిల్లకు తల దువ్వినట్టు, ఎక్కడా పొడి మచ్చ మిగలకుండా. నేను చూశాను. రోజూ చూసే పనే కాబట్టి చూసినట్టు కూడా అనిపించలేదు. తర్వాత డ్రైవరు వచ్చి పైన పట్టా కట్టాడు. అన్నయ్య ఉతికిన చొక్కా వేసుకుని ముందు సీట్లో ఎక్కాడు.

మధ్యాహ్నం లారీ తిరిగి వచ్చింది. లోడు ముప్పాతిక భాగం అందులోనే ఉంది. వాళ్ళ మెషీను ఏదో చెడిందట అని అమ్మతో చెప్పి, రెండు ముద్దలు తిని, అన్నయ్య షెడ్డులోకి వచ్చాడు. వచ్చి నా పక్కన ఊరికే నిలబడ్డాడు. ఏదో జరిగిందని నాకు తెలిసింది అందుకే. ఆయన ఊరికే నిలబడడం అంతకుముందు నేను చూడలేదు.

కాసేపటికి చెప్పాడు. పొట్టును ముందు ఒక పెద్ద తొట్టిలో పోస్తారట. తొట్టి అడుగు నుంచి అది జారి బొగ్గు వెళ్ళే బెల్టు మీద పడాలి. మా పొట్టు జారలేదు. తడి మట్టిలా తొట్టి గోడలకు పట్టేసింది. నలుగురు మనుషులు ఇనప చువ్వలతో ముప్పావుగంట పొడిచారు. బొగ్గు యార్డు మేస్త్రీ పిడికెడు తీసి పిండితే వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారాయి. తూకం పెరగడానికి నీళ్ళు కొట్టి తెచ్చారని అందరి ముందూ అన్నాడు. మిగతా రెండు లోడ్లు తేనక్కర్లేదన్నాడు.

"మనం ఎవరికైనా ఎప్పుడైనా వేలెడు చెక్క తక్కువ కోసి ఇచ్చామా?" అన్నాడు అన్నయ్య. "లోపలి పొట్టు చెమ్మగా ఉంటుంది, ఇంకో రోజు ఎండబెట్టాల్సింది..."

"అమ్మ చల్లింది," అన్నాను.

ఆయన పక్కనున్న దుంగ మీద కూర్చున్నాడు.

"నువ్వు చూశావా?"

"ఊఁ."

"చూసి?"

నేను చేతులకంటిన నూనె గుడ్డకు తుడుచుకున్నాను. ఆయన మళ్ళీ అడగలేదు. లేచి వెళ్ళిపోతూ, "అమ్మకి చెప్పకు. దొంగ అన్న పేరు నాకే ఉండనీ. మిల్లు తన చేతి మీదుగా పోయిందని తెలిస్తే తట్టుకోలేదు," అన్నాడు.

రెండు రోజులు గడిచాయి. మెషీను బాగయిందా అని అమ్మ పూటకోసారి అడిగేది. ఇంకా లేదని అన్నయ్య పళ్ళెంలోకి చూస్తూ చెప్పేవాడు. ఆ మెషీను ఎంత పెద్దదో, ఎన్ని రోజులు పడుతుందో అల్లి చెప్పగల మనిషి. చెప్పలేదు. వదిన కూడా హాస్యాలు మానేసింది. మా ఇంట్లో నేనొక్కడినే కాకుండా అందరూ మాట్లాడకపోతే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. బాగుండలేదు.

మూడో రోజు పొద్దున అన్నయ్య ఇంకెవరో కొనేవాళ్ళ కోసం వెళ్ళాడు. నేను మోపెడ్ బయటికి తీసి, "అమ్మా, ప్లాంటు దాకా వస్తావా?" అన్నాను. ఎందుకని అడగలేదు. నేను ఏదైనా అడగడమే తక్కువ కాబట్టి కాబోలు, తలుపు దగ్గరికి వేసి వచ్చి వెనక కూర్చుంది.

రైలు గేటు దాటాక చెప్పాను. "నువ్వు లారీ మీద నీళ్ళు చల్లావు. అందుకే లోడు తిరిగొచ్చింది. అన్నయ్యను దొంగన్నారు."

చింత చెట్ల వరస అయిపోయింది, ఇటుకల బట్టీ వచ్చింది, అదీ దాటిపోయింది.

"నేను చల్లుతుంటే నువ్వు అక్కడే ఉన్నావు కదూ?"

"ఉన్నాను."

"ఊఁ," అంది అమ్మ. నా మాట నాకే తిరిగి వచ్చినట్టుంది.

ప్లాంటు గేటులో చీటీ రాయించుకుని లోపలికి వెళ్ళాం. బొగ్గు యార్డు చూసి అమ్మ నిలబడిపోయింది. బొగ్గు అక్కడ కుప్పలుగా కాదు, కొండలుగా ఉంది. మాది గుట్ట అని ఇన్నాళ్ళూ అన్నందుకు నాకే సిగ్గేసింది. ఆ కొండల చుట్టూ ఎత్తైన గొట్టాలు పాతి ఉన్నాయి. వాటి మూతుల్లోంచి నీళ్ళు గొడుగుల్లా విచ్చుకుని బొగ్గు మీద పడుతున్నాయి. అమ్మ వాటినే చూస్తోంది.

మేస్త్రీ వచ్చాడు. అరచేతి గీతల్లో కూడా బొగ్గు ఇంకిపోయిన మనిషి. నేను "మా అమ్మ," అన్నాను. నేను చెప్పదలచుకున్నది అంతే.

"బాబూ, మొన్నటి పొట్టు తడిపింది నేను," అంది అమ్మ. "మా పెద్దాడికి తెలియదు. వాడు దొంగ కాదు."

"ఎందుకు తడిపారమ్మా?"

"దారంతా దుమ్ము లేస్తుందని. ఇక్కడ దింపేవాళ్ళ కళ్ళల్లో పడుతుందని." గొట్టాల వైపు చెయ్యి చూపించింది. "మీరూ తడుపుతున్నారుగా."

మేస్త్రీ వెనక్కి తిరిగి తన నీళ్ళను తానే కొత్తగా చూసినట్టు చూశాడు. పక్కనున్న పనివాళ్ళిద్దరు నవ్వబోయి, ఆయన ముఖం చూసి పారలు అందుకున్నారు.

"బొగ్గు వేరమ్మా. దాని మీద పడ్డ నీళ్ళు చాలా మటుకు జారిపోతాయి. చెక్క అలా కాదు, తాగేస్తుంది. తాగిన చెక్క తొట్టిలో కదలదు. కదిలి పొయ్యిలో పడ్డా, ముందు ఆ నీళ్ళు మరగబెట్టడానికే మా మంట సరిపోతుంది."

"ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు," అంది అమ్మ. కోపంగా కాదు. ఉన్నది చెప్పినట్టే.

మేస్త్రీ మమ్మల్ని ల్యాబుకు తీసుకువెళ్ళాడు. చిన్న గది. చిన్న చిన్న రేకు పళ్ళేల్లో పొట్టు ఆరబెడుతున్నారు. అక్కడి మేడమ్ జరిగింది విని నోటు పుస్తకం తిరగేసింది. మా లోడు పైభాగంలో వందకు యాభై రెండు పాళ్ళు నీళ్ళు, మధ్యలో ఇరవై నాలుగు, అడుగున పదిహేడు.

"నాకు ఆ రోజే అనుమానం వచ్చి మధ్యలోదీ అడుగుదీ కూడా తీయించాను," అంది మేడమ్. "మోసం చేసేవాళ్ళు అడుగున తడిపి పైన పొడి పొట్టు కప్పుతారు. మేం పైనుంచే తీసి చూస్తామని వాళ్ళకి తెలుసు. ఇది తిరగబడి ఉంది. ఇంత చక్కగా పైపైన తడిపి మోసం చేసే దొంగ ఉంటే, పాపం, వాడికి మేమే ట్యూషన్ చెప్పాలి."

మేస్త్రీ నవ్వలేదు గానీ మెడ గోక్కున్నాడు. ఇంకొక్క లోడు తెమ్మన్నాడు. ఇరవై పాళ్ళకు మించి తడి ఉంటే గేటు కూడా దాటనివ్వనన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు అమ్మ అంది: "ఆ రోజు పొద్దున నువ్వు ఒక్కసారి నోరు తెరిచుంటే, ఈ ఎండలో ఇంత దూరం తప్పేది." నేను గుంటలు తప్పిస్తూ బండి నిదానంగా నడిపాను. అమ్మ అన్నది నిజమే.

ఆ సాయంత్రం అన్నయ్య ముందు నా మీద మండిపడ్డాడు, తర్వాత మేస్త్రీ ఏమన్నాడో మూడుసార్లు చెప్పించుకున్నాడు. నా చేత కాదు, అమ్మ చేత. అమ్మ అంతా చెప్పి చివర, "దొంగన్న మాట పడి నాకు తెలియకుండా మోశావు. ఇంకెప్పుడూ అలాంటివి ఒక్కడివే మోయకు," అంది. అన్నయ్య గోడ వైపు తిరిగి చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. అవి అప్పటికే పెట్టి ఉన్నాయి.

రెండో లోడు మూడు రోజులు ఎండింది. పొట్టు గుప్పిట్లోకి తీసుకుంటే నిలవడం లేదు, వేళ్ళ మధ్య నుంచి పారిపోతోంది. అంత పొడి పొట్టును లారీకి ఎత్తితే వీధి వీధంతా తెల్లబడుతుంది. ప్లాంటువాళ్ళు నీళ్ళు వద్దన్నారు. దుమ్ము వద్దని అమ్మ. ఇద్దరూ ఒప్పుకునే దారి అమ్మే కనిపెట్టింది. పాత గోనె సంచులు విప్పి, వదినా తానూ కూర్చుని, లారీకి అటూ ఇటూ కట్టడానికి ఇంటంత తెరలు రెండు కుట్టారు. గాలి లేవడం ఏడు దాటాకే కాబట్టి ఆరింటికే ఎత్తుడు పని మొదలుపెట్టమంది. మేం పారలు పట్టేముందు తాను వీధి ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళి, ఒక్కో తలుపూ తట్టి, అరగంట కిటికీలు వేసుకోమని చెప్పి వచ్చింది.

చివరింటి దర్జీ వేపపుల్ల నోట్లో పెట్టుకునే అడిగాడట, "ఏం పెద్దమ్మా, ఇన్నేళ్ళూ రాని దుమ్మును ఇప్పుడు చెప్పి మరీ పంపిస్తున్నావా?" అని.

"చెప్పి వస్తే చుట్టం, చెప్పకుండా వస్తే దుమ్ము," అందట అమ్మ. ఆ మాట మధ్యాహ్నానికి వీధంతా తిరిగి మళ్ళీ మా ఇంటికే వచ్చింది.

ఆ రోజు అన్నయ్యతో నేనూ వెళ్ళాను. లారీ తొట్టి దగ్గరికి వెనక్కి వచ్చింది. మేస్త్రీ ఇనప చువ్వ పట్టుకుని అంచున నిలబడ్డాడు. పొట్టు పడింది. అడుగు నుంచి జారడం మొదలైంది, ఇసుక జారినట్టు, చప్పుడు లేకుండా. కింద నల్లటి బెల్టు మీద బొగ్గు వెళుతోంది. దాని నడుమ పొట్టు సన్నటి తెల్ల చారలా పడుతూ, దూరంగా పోతూ, చివర షెడ్డు చీకట్లోకి వెళ్ళిపోతోంది. నేను ఆ చారనే చూస్తూ నిలబడ్డాను. అన్నయ్య మాత్రం మేస్త్రీ చేతిలో చువ్వనే చూస్తున్నాడు. సగం లోడు అయ్యాక మేస్త్రీ ఆ చువ్వను గోడకు ఆనించి, చేతులు దులుపుకున్నాడు. మళ్ళీ ముట్టుకోలేదు.

ల్యాబులో పదహారు వచ్చింది.

మేస్త్రీ అన్నయ్య దగ్గరికి వచ్చి, ఆ రోజు అందరి ముందూ అన్న మాట అంటూ మొదలుపెట్టాడు. అన్నయ్య పూర్తి చేయనివ్వలేదు. "అది సరే గానీ, మేస్త్రీగారూ, ఇక్కడ మంచి టీ ఎక్కడ దొరుకుతుంది?" అన్నాడు. ముగ్గురం వెళ్ళి తాగాం. టీ మంచిది కాదు. అన్నయ్య మాటలు మళ్ళీ ఆ పూట మొదలై రాత్రి భోజనాల దాకా ఆగలేదు. వదిన చెవుల్లో దూది పెట్టుకున్నట్టు నటించింది గానీ, ఒక్క మాటా పోనివ్వలేదు.

మూడో లోడూ కాలింది. ఆ తర్వాత రోజుకు రెండు లారీలు. ఆ వేసవిలా ఇంకే వేసవీ నాకు గుర్తు లేదు. గుట్టను పక్క నుంచి కోసుకుంటూ పోతుంటే లోపల పొరలు బయటపడేవి. పైన లేత పసుపు, దాని కింద ఎరుపు, దాని కింద కాఫీ పొడి రంగు. పార దించితే లోపల నుంచి వెచ్చగా ఆవిరి వచ్చేది. మధ్యాహ్నాలు అమ్మ పీట వేసుకుని ఎదురుగా కూర్చునేది. ఈ ఎరుపు మీ నాన్న పడవలకు చెక్క కోసిన ఏడాదిది, ఈ తెల్లటిది పళ్ళ పెట్టెలు తప్ప ఇంకేం పని దొరకని ఏడాదిది, అని పొరలు చదివేది. ఒక సన్నటి గులాబీ రంగు చార దగ్గర ఆగి, ఇది నువ్వు పుట్టిన నెలది, బడి బెంచీలు చేశాం, అంది నాతో. నేను ఆ చారను కాస్త మెల్లగా కోశాను.

లారీ డ్రైవరు వీధికి బాగా అలవాటైపోయాడు. పిల్లలు బడికి లేటైతే వాళ్ళ అమ్మలు, లారీ వచ్చి వెళ్ళిపోయింది ఇంకా లేవరేం అని కసిరేవారు. కిటికీలు వాటంతటవే ఆరింటికి మూసుకునేవి. అమ్మ తలుపులు తట్టడం మానేసినా, ఆ వేళకు వీధిలోకి వెళ్ళడం మాత్రం మానలేదు. ఒక్కో ఇంటి అరుగు మీద కాసేపు కూర్చుని వచ్చేది. ఇన్నేళ్ళలో అమ్మ అలా వెళ్ళి కూర్చోవడం ఎరగం. పొద్దున్నే చేతిలో ఎప్పుడూ ఏదో పని ఉండేది.

ఆకాశం మూల నల్లబడ్డ ఒక మధ్యాహ్నం ఆఫీసరు వచ్చాడు. గుట్ట ఉన్న చోట ఖాళీ నేల మీద అటు నుంచి ఇటు అడుగులు వేసి కొలిచాడు. గుట్టను ఎక్కడికి జరిపారని అడిగాడు. అన్నయ్య ఎక్కడికీ జరపలేదనీ, మీ ఆఫీసులో ఫ్యాను కింద కూర్చున్నప్పుడు పైకి చూస్తే అక్కడ ఉంటుందనీ చెప్పాడు. ఆఫీసరుకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక కాగితం మీద ఏదో గీసి, సంతకం పెట్టి, మొదటి చినుకు పడకముందే వెళ్ళిపోయాడు. మిల్లు తాళం మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ సాయంత్రమే వాన పడింది. గంటసేపు గట్టిగా పడి వెలిసింది. మేం ముగ్గురం వెనక వసారాలో నిలబడ్డాం. ఇన్నేళ్ళూ ఆ వసారాలోంచి కనిపించింది పొట్టే. ఇప్పుడు పొలాలు, వాటి అవతల రైలు కట్ట, కడిగినట్టున్న ఆకాశం అంచున ప్లాంటు చిమ్నీ. సూదంత ఉంది. దాని నుంచి పొగ ఒక పక్కకు వాలి పోతోంది.

అమ్మ చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని చూసింది. "అందులో మనదేది?" అని అడిగింది.

అన్నయ్య నవ్వాడు. పొయ్యిలో అంతా కలిసిపోతుందమ్మా, వందలో ఐదు పాళ్ళు మనది, అది ఇక్కడుంది అక్కడుంది అని చెప్పడానికి ఉండదు అని మొదలుపెట్టాడు. అమ్మ వింటూనే ఉంది గానీ, కళ్ళు మాత్రం చిమ్నీ మీదే వెతుకుతున్నాయి.

నేను కొంచెం ముందుకు జరిగి వేలు చూపించాను.

"ఆ ఎడమ అంచున, పలచగా పోతోంది చూడు. అది."

అన్నయ్య మాట మధ్యలో ఆపి నా వైపు చూశాడు. నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు.

అమ్మ ఆ అంచునే చాలాసేపు చూసింది.

"నేనూ అదే అనుకున్నాను," అంది.